మండని మందు

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో బసవరాజు ఇల్లు ఏదని అడిగితే జనం కాస్త తడుముకునేవాళ్లు. నల్లపూత ఇల్లు ఏదని అడిగితే మాత్రం గొడ్లు తోలుకుపోయేవాడు కూడా ఆగి వేలు చూపించేవాడు. బసవరాజు నేసిన చీరలకు వంక పెట్టేవాళ్లు లేరు. అయినా ఊరికి గుర్తుండేది ఆయన చీరలు కాదు, ఆయన తల్లి సుంకులమ్మ నూరిన మందు. కాడి ఒరుసుకుని మెడ పుండుపడిన ఎద్దుకైనా, గొడ్డలి జారి పిక్క చీలిన మనిషికైనా అదే పూత. పుండు మానేది, అందులో అబద్ధం లేదు. కానీ పూసినప్పుడు మనిషి వీధి చివరిదాకా వినపడేట్టు అరిచేవాడు, ఎద్దయితే పలుపు తెంచుకుని పోయేది.

ఆ మంట చిత్రమూలం వేరుది. మందులో పడే గాయపాకు, పసుపు, వేపబెరడు, కానుగ నూనె అన్నీ సాధువులే. చిత్రమూలం ఒక్కటే మొరటుది. కుళ్లిన కండను తినేసేది అదే, తింటూ తింటూ పక్కనున్న మంచి కండను కూడా ఓ నోరు కొరికేది.

సుంకులమ్మ పోయాక నూరే పని కోడలు ఉరుకుందమ్మకు వచ్చింది. పనితో పాటు ఆ ఇంటి కట్టుబాటూ వచ్చింది. కొత్తగా నూరిన మందు ముందు పరాయివాళ్ల ఒంటిని తాకకూడదు, తొలిపూత ఇంటి మనిషికే పడాలి. అదీ నూరినవాళ్లకు కాదు. నూరిన చేతికి మందు మచ్చికైపోతుందట, ఇక నిజం చెప్పదట. అందుకని ఇంట్లో ఇంకొకరి చేతి మీద తుమ్మముల్లుతో సన్నగా గీత గీసి, దాని మీద పూసి, ఎంత మండిందో అడిగాకే బయటికి ఇవ్వాలి. సుంకులమ్మ కాలంలో ఆ చెయ్యి ఆమె మొగుడిది, తర్వాత కొడుకుది. ఉరుకుందమ్మ కాలంలోనూ బసవరాజుదే. ఇంట్లో ఇంకో ప్రాణి కూతురు హులిగెమ్మ, ఇప్పుడిప్పుడే బడికి పోతున్న పిల్ల. దాని చేతి మీద ముల్లు గీయడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది?

ఇదంతా ఎప్పటినుంచో సాగుతున్నదే, ఎవరికీ ఇబ్బంది లేదు. ఉరుకుందమ్మకు మనశ్శాంతి లేకుండా చేసింది ఈరక్క బిడ్డ.

ఈరక్క అదే వీధిలో కండెలు చుట్టుకుని బతికే మనిషి. పడుగుకు పట్టించే గంజి పొయ్యి మీద తుకతుక ఉడుకుతుంటే, ఆడుకుంటున్న ఆమె బిడ్డ కుండను తన్నుకుని పడింది. వీపంతా తోలు లేచింది. ఉరుకుందమ్మ పరిగెత్తుకుంటూ పోయి నల్లపూత పూసింది. ఆ పసిది ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోయింది. మర్నాడు ఉరుకుందమ్మ చేతిలో గిన్నె చూడగానే మగ్గం గుంటలోకి దూరి, భయంతో అక్కడే తడిపేసుకుంది.

"చాలు తల్లీ, నీ మందొద్దు, నీకు పుణ్యముంటాది. పుండుకంటే ముందు నా బిడ్డ మంటకే సచ్చేట్టుండాది," అని ఈరక్క చేతులు జోడించింది.

ఉరుకుందమ్మ వెనక్కి వచ్చేసింది. ఎవరో చెప్పారని ఈరక్క ఆ పుండు మీద బూడిద చల్లింది. చీము పట్టింది, జ్వరం వచ్చింది, బిడ్డ పోయింది. ఈరక్క ఒక్క మాట కూడా అనలేదు. వీధిలో ఎదురుపడితే తలొంచుకుని పక్కకు తప్పుకునేది, అంతే. తిట్టినా బాగుండేదని ఉరుకుందమ్మ ఎన్నిసార్లు అనుకుందో.

"మంట లేకుంటే ఆ బిడ్డ బతికుండేది," అంది ఒకరోజు మొగుడితో.

"దాని రాత అట్ల ఉండాది. నువ్వేం చేస్తావు?"

"రాత కాదు, నా మందు. నేను మండని మందు నూరతా."

బసవరాజు నవ్వాడు. "మా అమ్మకు చేతగాంది నీకైతాదా?" అన్నాడు. అన్నాడే గానీ, ఆవిడ ముల్లు తీసుకుని వస్తే ఎడమచెయ్యి చాపాడు. కుడిచెయ్యి నేతలో నాడెను అటూ ఇటూ తోలే తాడు లాగాలి కాబట్టి దాని జోలికి పోకూడదు.

చిత్రమూలం అసలు లేకుండా నూరి చూసింది. అది తొలిపూత దాటి ఒక ఎద్దు మెడదాకా పోయింది గానీ, పుండు పైన మానినట్టే మాని లోపల కుళ్లింది. వేరు తీసేస్తే లాభం లేదు, దాన్ని మెత్తబరచాలి. సున్నపు తేటలో నానబెట్టింది. మజ్జిగలో ఉడికించింది. ఎండబెట్టి, దంచి, వెన్నలో కలిపింది. నూరినప్పుడల్లా మగ్గం దగ్గరికి వెళ్లి బసవరాజు ఎడమచేతి మీద గీత గీసేది. మొదట్లో ఆయన గుంటలోంచి ఎగిరి గంతేసి, తల్లిని, పెళ్లాన్ని, మందు కనిపెట్టినవాణ్నీ కలిపి తిట్టేవాడు. వానలు పడేనాటికి, "మండుతాంది గానీ ఓర్సుకోవచ్చు," అన్నాడు. పత్తి తీతల కాలానికి, "చీమ కుట్టినట్టుండాది," అన్నాడు. ఉగాది ముందు ఒక పొద్దున ఆయన చెయ్యి చాపి, మరో చేత్తో పోగు ముడేసుకుంటూ, "పూస్తావా లేదా?" అని అడిగాడు.

"పూసినా కదా!"

ఆయన చెయ్యి వంక చూసుకున్నాడు. గీత మీద మందు నల్లగా నిగనిగలాడుతోంది. వేలితో ఒకసారి ఒత్తి చూసుకున్నాడు.

"ఏమీ లేదే," అన్నాడు. "మంటే లేదు."

ఉరుకుందమ్మ నమ్మలేక ఇంకో గీత గీసి ఇంకా దట్టంగా పూసింది. ఏమీ లేదన్నాడు. అప్పుడు నవ్వింది చూడండి ఆ మనిషి! ఈరక్క బిడ్డ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో వినపడని నవ్వు. పోయి ఓళిగలు చేసింది, వేడివేడిగా నెయ్యి వేసి మొగుడికి పెట్టింది, కూతురికి పెట్టింది, ఈరక్క ఇంటికి కూడా పంపాలని ఆకులో చుట్టి, ధైర్యం చాలక మళ్లీ విప్పేసింది.

సంతోషంలో ఉన్న మనిషికి కళ్లుండవు. ఆ మధ్య బసవరాజు నేతలో పోగులు జారుతున్నాయి, అంచు ఒంకరపోతోంది. చీరలు కొనే చేనేత సొసైటీవాళ్లు ఒక చీర వెనక్కి పంపారు. చూపు మందగించిందేమో చూపించుకోమని ఆమె సణిగింది. బీడీ వేళ్లదాకా కాలిపోయి తోలు కమురువాసన వచ్చేదాకా ఆయన కూర్చునే ఉంటే, పరధ్యానమని కసిరింది. మోచేతి కింద పాలిపోయిన మచ్చను చూసి శోభి అనుకుంది. గీతల చుట్టూ బొబ్బలెక్కి తోలు ఊడుతోంటే, మందు చెడునంతా పైకి లాగుతోందని మురిసిపోయింది. అక్కడితో ఆగినా కొంత మేలే. మంట ఎలాగూ పోయింది కదా, ఇంకాస్త వేరు వేస్తే పుండు ఇంకా త్వరగా మానుతుందని వేరు పెంచింది. బసవరాజు ఏమీ లేదన్నాడు. మళ్లీ పెంచింది. ఏమీ లేదన్నాడు. చివరికి ఆ గిన్నెలో ఉన్నది అత్త చేతి మందుకంటే మొరటు మందు. అది తెలియనిది నూరిన మనిషికే.

ఊళ్లో ఇవ్వడానికి ఆమెకు మనసొప్పలేదు. నల్లపూత అంటేనే పిల్లలు పారిపోయే ఊరది. పెద్దాసుపత్రిలో డాక్టరే మెచ్చుకుంటే ఇక ఎవరూ భయపడరని ఆమె ఆశ. బస్సెక్కి పోవాల్సిన తాలూకా ఆసుపత్రిలో కాంపౌండరు ఏసన్న వాళ్లకు ఎరికైన మనిషి, చిన్నప్పుడు సుంకులమ్మ చేత పూత పూయించుకుని ఏడ్చినవాడే. ఆయన మాట మీద డాక్టరు సరేనన్నాడు. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు, తొందరగా కోపం తెచ్చుకుంటాడు గానీ మాట వినే మనిషి.

"నీ మందు మీద నాకు నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు," అన్నాడు. "ఒకే పుండులో సగానికి మా మందు వేస్తాను, సగానికి నీది. ఏది బాగా మానితే అదే నిజం. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటానయ్యా. నాది మండదు గూడా," అంది ఉరుకుందమ్మ, గొంతులో గర్వం దాచుకోలేక.

వార్డులో మారెన్న అనే మనిషి పడుకుని ఉన్నాడు. జిన్నింగు మిల్లులో ఆవిరి తగిలి తొడ కాలింది. కట్టు విప్పుతుంటేనే మంచం పట్టెలు పట్టుకుని పళ్లు బిగిస్తున్నాడు. ఆమె చేతిలో గిన్నెను చూసి, "మండుతాదా తల్లీ?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

"నా బిడ్డ ఆన, మండదప్పా. వెన్న పూసినట్టుంటాది. కండ్లు మూసుకో," అంది.

మారెన్న నమ్మి కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత లేచిన అరుపు ఆమె పుట్టి బుద్ధెరిగాక విననిది. మారెన్న మంచం మీంచి లేచి పడ్డాడు, ఏసన్నా, ఇంకో ఇద్దరూ కలిసి పట్టుకున్నా ఆగలేదు. మారెన్న పెళ్లాం ఉరుకుందమ్మ కొప్పు పట్టుకుని, "ఏం విషం పూస్తివే నా మొగునికి!" అని గోడకేసి నెట్టింది. డాక్టరు మరగబెట్టి చల్లార్చిన నీళ్లు ధారగా పోస్తూ పుండు కడిగాడు. కడిగేకొద్దీ నెత్తురు చిమ్మింది. మెల్లగా మానుకొస్తున్న మంచి తోలు కూడా ఊడి వచ్చింది. ఉరుకుందమ్మ గోడకు అంటుకుపోయి నిలబడింది. గిన్నె ఎప్పుడు జారిపోయిందో ఆమెకు తెలియదు.

మారెన్న అరుపు మూలుగులోకి దిగాక డాక్టరు ఆమె వైపు తిరిగాడు.

"మండదన్నావు. ఎవరి మీద పూసి చూశావు దీన్ని?"

"మా ఇంటాయన మీద, అయ్యా."

"అబద్ధాలాడకు."

"నా బిడ్డ మీద ఒట్టేసి చెప్పినా కదయ్యా! ఆయన చేతి మీద ఎన్ని గీతలు గీసినానో లెక్క లేదు. మొదట్లో మండిందన్న్యాడు. తర్వాత్తర్వాత తగ్గింది. ఇప్పుడేమీ లేదన్న్యాడు. నేను సొంతంగా చెప్పలేదు, ఆయన చెప్పిందే చెప్పినా."

డాక్టరు ముఖంలో కోపం అలాగే ఉండి, నెమ్మదిగా ఇంకేదో అయింది. "ఏ చేతి మీద?" అని అడిగాడు.

"ఎడమచెయ్యి."

"ఎప్పుడూ అదే చెయ్యా?"

"అదే."

"ఆయన ఎక్కడున్నాడు?"

తోడు వచ్చిన బసవరాజు బయట ఆసుపత్రి గోడ నీడన కూర్చుని ఉన్నాడు. రమ్మంటే చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ వచ్చాడు. డాక్టరు దాన్ని పైకి మడిచి, బొబ్బలనూ పాలిపోయిన మచ్చనూ చూశాడు. మోచేతి వెనక వేలు పెట్టి నొక్కి, అక్కడ ఏదో వెతికి పట్టుకున్నాడు. లోపల నరం తాడులా ఉబ్బి ఉంది. అప్పుడు బసవరాజును బల్ల మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు.

"నేను ముట్టుకున్నప్పుడల్లా ముట్టుకున్న చోట వేలు పెట్టి చూపించు."

దూది పోచతో కుడిచేతిని తాకాడు. బసవరాజు వెంటనే చూపించాడు. ఎడమచేతిని తాకాడు. బసవరాజు కదలలేదు. మణికట్టు దగ్గర, మోచేతి కింద, చిటికెనవేలి మీద తాకాడు. అక్కడా కదలలేదు. డాక్టరు దూది పక్కన పెట్టి గుండుసూది తీసుకున్నాడు. మచ్చ మధ్యలో గుచ్చితే చిన్న నెత్తురుబొట్టు ఉబికి, ముంజేతి మీదుగా జారి, బల్ల మీద పడింది.

"ఇంగా మొదలు పెట్టలేదా అయ్యా?" అని అడిగాడు బసవరాజు, కళ్లు మూసుకునే.

ఉరుకుందమ్మ ఆ నెత్తురుబొట్టునే చూసింది. ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది. మందు ఎప్పుడూ మండుతూనే ఉంది. తాను సున్నపు తేటలో, మజ్జిగలో, వెన్నలో మెత్తబరిచింది వేరును కాదు. దేన్నీ కాదు. ఇంతకాలం తాను నవ్వుతూ చూసుకున్నది మొగుడి చెయ్యి కొంచెం కొంచెంగా చచ్చిపోవడాన్ని.

డాక్టరు తలుపు దగ్గరికి వేయించాడు. కుష్టు అన్నాడు. ఊళ్లో జనం పెద్దరోగం అనేది ఇదేనా అని బసవరాజు అడిగితే, అదేనన్నాడు. ఇప్పుడు మాత్రలు వచ్చాయన్నాడు. ఏళ్ల తరబడి మానకుండా మింగితే తగ్గుతుందన్నాడు, పోయిన స్పర్శ మాత్రం తిరిగి వస్తుందని చెప్పలేనన్నాడు. అరిచినందుకు ఉరుకుందమ్మను క్షమించమని కూడా అన్నాడు. ఆమెకు సగం వినపడలేదు. చివరి మాట మాత్రం వినపడింది.

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"కూతురుండాది."

"రేపు పొద్దున్నే తీసుకురండి. ఒళ్లంతా చూడాలి."

బస్సులో బసవరాజు వెనక సీట్లో ఒక్కడే కూర్చున్నాడు, పక్కన ఎవరైనా కూర్చోబోతే లేచి నిలబడ్డాడు. ఎమ్మిగనూరులో దిగి నడుస్తున్నప్పుడు కూడా పెళ్లానికి నాలుగడుగులు ఎడంగా నడిచాడు. పొలాల్లో కొర్ర కోసేసిన మొదళ్లు తప్ప ఏమీ లేవు. దారి పొడుగునా ఎదురుపడ్డవాళ్లు "ఏమప్పా, ఆసుపత్రికి పోయొచ్చినారా?" అని పలకరిస్తుంటే ఆయన తలూపుతూ, ఎడమచేతిని పంచె మడతలో దాచుకున్నాడు. మనుషులు కనపడకుండా పోయాక ఉరుకుందమ్మ ఆగింది.

"నీకు తెలుసునా?"

ఆయన పంచె మడతలోంచి ఎడమచెయ్యి తీసి చూసుకున్నాడు.

"జబ్బని తెలీదు. చెయ్యి మొద్దుబారిందని తెలుసు."

"తెలిసీ మండలేదంటివా?"

"మండలేదు కాబట్టే మండలేదంటి."

"మొద్దుబారిందని చెప్పకూడదా? నోరు పడిపోయిందా నీకు?"

"యాడ చెప్పేది?" అన్నాడు బసవరాజు. "ఆ పొద్దు నువ్వు నగితివి. ఈరక్క బిడ్డ పోయినంక నువ్వు నగింది ఆ పొద్దే. చెప్పేకి మనసు రాలేదు. తర్వాత భయమైంది. చేతకాని చెయ్యని తెలిస్తే నాకు నూలు ఇస్తారా, ఎవురన్నా? రేపు మన బిడ్డను చేసుకుంటారా?"

ఆమెకు ఆయన్ని చెంప వాయించాలనిపించింది. పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు. తన నవ్వు చూడాలని ఆయన దాచిన మాటకు ఎక్కడో మంచం మీద మారెన్న మూలుగుతున్నాడు. ఆయన్ని తిట్టబోతే, బొబ్బలు చూసి మురిసిపోయిన తన కళ్లు గుర్తొచ్చాయి. వడివడిగా నడిచింది. రేపటిదాకా ఆగడం తన వల్ల కాదని ఆమెకు ఇల్లు చేరకముందే తెలుసు.

పొద్దు ఇంకా వాలలేదు. హులిగెమ్మ వీధి అరుగు మీద కూర్చుని, అమ్మను చూడగానే లంగా కిందికి లాక్కుంది. తోటి పిల్లలతో కొండ దగ్గరి జారుడుబండ మీద జారి, మోకాళ్లూ మోచేతులూ గీరుకుపోయి వచ్చింది. దెబ్బలు పడతాయని దాస్తోంది. మరోనాడైతే ఒకటి వేసేదే. ఇప్పుడు ఉరుకుందమ్మ పిల్లను లోపలికి ఎత్తుకుపోయి, వెలుతురు పడేచోట నిలబెట్టి, బట్టలన్నీ విప్పింది. బసవరాజు గడప బయటే ఆగిపోయాడు.

ఇంట్లో మిగిలిన మందు గిన్నె తెచ్చింది. ఇంత మొరటు మందు పసిపిల్లకు ఎలా పూయాలని చెయ్యి ఒకసారి వెనక్కి పోయింది. వేలి కొసన ఆవగింజంత తీసి మోకాలి మీద రాసింది.

హులిగెమ్మ కేకపెట్టింది. "మండుతాందమ్మా! వద్దు, వద్దు!"

"మండుతాందా? నా తల్లే, బాగా మండుతాందా?"

"సచ్చిపోతానమ్మా!"

"సావవు. ఏడువు తల్లీ, గట్టిగా ఏడువు," అంటూ ఉరుకుందమ్మ తడిగుడ్డతో తుడిచేసి రెండో మోకాలికి రాసింది. ఆ ఏడుపు వింటుంటే గుండెలోకి ఊపిరి వస్తున్నట్టుంది. ఏ ఏడుపు వినలేక ఇన్నాళ్లూ నూరిందో ఆ ఏడుపు కోసమే చేతులు చాపుకుని ఉంది. కుడి మోచేయి. పిల్ల తన్నింది, కొరికింది. ఎడమ మోచేయి. పిల్ల బయట ఉన్న తండ్రిని పిలిచింది, "నాయనా, అమ్మను కొట్టు నాయనా!" అని. బసవరాజు గడప దాటలేదు. తలుపు రెక్క పట్టుకుని, ప్రతి కేకకూ తలూపుతున్నాడు.

ఉరుకుందమ్మ ముఖం మీద చెమటా కన్నీళ్లూ కలిసిపోయాయి. "అయిపాయ, అయిపాయ నా బంగారూ," అంటూ పిల్లను వెనక్కి తిప్పింది. నడుము మీద ఒకచోట బండ గీరి తోలు పచ్చిగా లేచి ఉంది. దాని చుట్టూ చర్మం కాస్త పాలిపోయినట్టు ఉందా, లేక తడి ఆరిన మట్టేనా, ఆమెకు తెలియలేదు. వేలితో మందు తీసి అక్కడ రాసింది. కేక కోసం ఆగింది. ఇంకాస్త రాసింది.

హులిగెమ్మ ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. చేతి వెనకతో ముక్కు తుడుచుకుని, తల తిప్పి అమ్మ వేలి వైపు చూసింది.

"ఇది మండలేదమ్మా," అంది. "ఇది మంచి మందు. మోకాళ్లకు గూడా ఇదే పూయి."